పూతరేకులో చుట్టిన ఐస్‌క్రీమ్ కోసం కొత్తపేట దాకా

పూతరేకు గురించి నాకు తెలిసిన మొదటి సంగతి, దానికి తడి తగలకూడదని. చిన్నప్పుడు చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండా డబ్బాలో పెట్టినందుకు వీపు మోగింది కూడా. అలాంటిది, కొత్తపేటలో ఐస్‌క్రీమ్‌ని పూతరేకులో చుట్టి ఇస్తున్నారని మా ఆఫీసులో అమ్మాయి చెబితే నవ్వొచ్చింది. కరిగిపోయేదాన్ని తడి పడనిదాంట్లో ఎలా చుడతారు? నీ చెవిలో ఎవరో పువ్వు పెట్టారన్నాను. ఆమె తగ్గలేదు. "వెళ్లి చూసి రండి మరి" అంది. ఆ మాట నన్ను వారమంతా నిలవనివ్వలేదు. శనివారం సెలవు దొరకగానే బయలుదేరాను.

రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పొద్దున ఎనిమిదింటికి అమలాపురం బస్సు ఎక్కాను. మీరూ రావులపాలెం మీదుగా వెళ్లేదే ఎక్కండి, దారిలో కొత్తపేటలో దింపేస్తుంది. టికెట్టు వంద రూపాయల లోపే. రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డుపడి బస్సు కాసేపు నత్తనడక నడిచింది. కొత్తపేటలో దిగేసరికి పది కావస్తోంది. ఆటో ఆయన్ని అడిగితే, "రేకు ఐస్‌క్రీమా అండీ? ఎక్కండి. కానీ మూడు దాటితేగానీ ఇవ్వరండి. ఇవాళ అసలు ఇస్తారో లేదో కూడా తెలీదు. అమలాపురం నుంచి పెళ్లివంటల కాంట్రాక్టరు గారు వస్తున్నారండి" అన్నాడు. ఇన్ని సంగతులు నీకెలా తెలుసయ్యా అంటే, ఆ కొట్టుకి ఐసు దిమ్మలు తెచ్చేది తనేనట. ముప్పై రూపాయలు తీసుకుని కాలువ గట్టు పక్కన దింపాడు.

కొట్టంటే ఇంటి ముందు గది, ఒక కౌంటరు, నాలుగు కుర్చీలు. యజమానురాలు కరుణ గారికి ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. నేను ఊరికే చూడ్డానికొచ్చానని చెబితే, చూడ్డానికొచ్చినవాళ్లకీ టిఫిను పెట్టే ఊరు కదా, ముందు రెండు ఇడ్లీలు తినిపించి ఆ తర్వాతే వెనక వసారాలోకి తీసుకెళ్లారు. అక్కడ చెక్క తొట్టి, దాని మధ్యలో స్టీలు డబ్బా, చుట్టూ ఐసు ముక్కలు, రాళ్లుప్పు. డబ్బాలో మరగకాచి చల్లార్చిన పాలు, లేత కొబ్బరి గుజ్జు. పైన ఉన్న పిడిని తిప్పుతూ ఉండాలి. నేనూ తిప్పాను. అయిదు నిమిషాలకే భుజం నన్ను తిట్టడం మొదలుపెట్టింది. గట్టిపడిన ఐస్‌క్రీమ్‌ని వేలెడు కడ్డీల్లా అచ్చుల్లో నింపి ఫ్రీజర్లో పెడతారు.

"మిషను కొనొచ్చు కదండీ?" అన్నాను.

"కొంటామండి. ముందు ఈ ఆర్డరు కుదరాలి" అన్నారు కరుణ గారు. తర్వాత పిడి తిప్పుతూనే అసలు సంగతి చెప్పారు. వాళ్లాయన కువైట్‌లో డ్రైవరు. వచ్చే నెలతో వీసా అయిపోతుంది. మళ్లీ రాయించుకోవాలా, వచ్చెయ్యాలా అని ఆయన రోజూ ఫోన్లో అడుగుతున్నారు. "ఈ కాంట్రాక్టరు గారు ఒప్పుకుంటే ఈ సీజను పెళ్లిళ్లన్నీ మాకేనండి. అమలాపురంలో రెండో కొట్టు పెట్టుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఆయన్ని రమ్మని ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ? మా పాప ఆయన్ని ఫోన్లో చూసిందే ఎక్కువ."

నేను ఐస్‌క్రీమ్ గురించి తెలుసుకుందామని వెళ్లాను. అప్పటి నుంచి నాకు ఆ కాంట్రాక్టరు మీదే ధ్యాస.

మధ్యాహ్నం ఆత్రేయపురం నుంచి, ఈ కొట్టుకి రేకులు చేసిచ్చే సత్యవతి గారు డబ్బాతో దిగారు. అరవై దాటిన మనిషి, కరుణ గారు పిన్నిగారూ అని పిలుస్తారు. మూడింటికి కాంట్రాక్టరు బుల్లబ్బాయి గారు కారు దిగారు. ఆయన అడిగిందొక్కటే: అన్నీ ముందే చుట్టి, డబ్బాల్లో పెట్టి పంపాలి, పంక్తిలో కుర్రాళ్లు చకచకా అందించేయాలి. కరుణ గారు అలాగే రాత్రే చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచారు. ఆయన ఒకటి తీసి కొరికారు. కరకరమనాల్సిన రేకు పళ్లకి అంటుకుని సాగింది. ఆయన మర్యాదస్తుడు, ఉమ్మలేదు. "రుచి బాగానే ఉందండి" అన్నారు. మా వైపు ఎవరైనా రుచి బాగానే ఉందన్నారంటే ఆ పని అయిపోయినట్టే. కరుణ గారి మొహం చూడలేక నేను కాలువ వైపు చూశాను.

ఆయన లేవబోతుంటే సత్యవతి గారు అడ్డం వెళ్లారు. "అలా వెళ్లకూడదండి. నోట్లో ఆ రుచి పెట్టుకుని మా గుమ్మం దిగుతారేటండీ? ఒక్క నిమిషం కూచోండి" అంటూ పళ్లెం మీద రేకు పరిచారు. చుట్టేటప్పుడు విరగకుండా తడిగుడ్డతో అలా అద్దీ అద్దనట్టు అద్దారు, నెయ్యి పూశారు, బెల్లం పొడి చల్లారు, ఫ్రీజర్లోంచి కడ్డీ తీయించి చుట్టి ఆయన చేతిలో పెట్టారు. చల్లదనానికి నెయ్యి గడ్డకట్టి రేకుకీ ఐస్‌క్రీమ్‌కీ మధ్య అడ్డుగోడలా నిలబడుతుంది. ఆ గోడ ఆయుష్షు రెండు మూడు నిమిషాలే. నా సందేహం అక్కడ తీరింది. కొరికిన చప్పుడు నాకు కూడా వినిపించింది. బుల్లబ్బాయి గారు ఇంకోటి అడిగి తిన్నారు.

"బాగుందండి. కానీ ఎనిమిది వందల మందికి అప్పటికప్పుడు ఎవరు చుడతారండీ?" అన్నారు చివరికి.

"మా వీధిలో ఇంటికొకరం ఉన్నామండి" అన్నారు సత్యవతి గారు. "పదిమందిమి వస్తాం. కల్యాణమండపంలో బల్ల వేయించండి, మీ ఎదుటే చుట్టిస్తాం."

"ఆయ్... జనం మూగుతారండి" అన్నారాయన.

"మూగనివ్వండి. మూగితేనే కదండీ పెళ్లి!"

ఆయన గట్టిగా నవ్వేసి, వచ్చే శుక్రవారం పెళ్లికి రమ్మన్నారు. అది బాగా జరిగితే సీజను మొత్తం మాట్లాడుకుందామన్నారు. కారు కదలగానే కరుణ గారు కొంగుతో కళ్లు తుడుచుకుని ఫోను తీశారు. అవతల ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నట్టున్నారు. వాయిస్ మెసేజి పెట్టారు: "ఏవండీ, కాంట్రాక్టరు గారు వచ్చేరు, రెండు తిన్నారు. ఇంక వీసా కాగితాల మీద సంతకం పెట్టకండి."

శుక్రవారం ఇంకా రాలేదు కదా, కొంచెం ఆగొచ్చు కదా అని నోటిదాకా వచ్చింది, అనలేదు. తిరుగు బస్సులో ఆ ఆర్డరు గురించే ఆలోచించాను. వ్యాపారం పెరగాలంటే మిషను కావాలి, డబ్బాలు కావాలి అనుకుంటాం. వీళ్లకి మాత్రం ఇంకో పది జతల చేతులు కావలసి వచ్చాయి, అవి పక్క ఊరి వీధిలో ఎప్పటి నుంచో ఉన్నాయి. మొన్న ఫోన్ చేస్తే శుక్రవారం పెళ్లిలో రేకులు చాలక మళ్లీ తెప్పించుకున్నారని చెప్పారు కరుణ గారు.

మీరు వెళితే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, ఒక్కోటి అరవై రూపాయలు, చేతిలో పెట్టగానే తినేయండి. వచ్చే నెల దాటాక వెళ్లేవాళ్లకి ఇంకొక్క మాట. కౌంటరు వెనక ఓ కొత్తాయన ఉండి, ఆయన చుట్టిన రేకు చిరిగిపోతే ఏమీ అనకండి. ఆ పక్కనే నిలబడి ఎలా చుట్టాలో చెబుతున్న పాప ఆయన కూతురే.