వాసన చూసి చెప్పండి

నల్లపాడులో కాఫీ గింజలు వేయించి అమ్మే ఒకాయన ఉండేవాడు. ప్రతి పొట్లం మీదా ఆ గింజలు పండించిన అరకు రైతు పేరు రాసేవాడు. ఎవరొచ్చినా గుప్పెడు గింజలు వాళ్ల ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూసి చెప్పండి" అనేవాడు. గొప్పలు పోతున్నాడని విసుక్కునేవాణ్ణి.

ఓ పొద్దున వెళ్తుంటే వీధి చివరికే మాడు వాసన కొట్టింది. ఆయన మాత్రం గింజలు వేయించే మిషన్‌కి వీపు తిప్పి కూర్చుని, తాపీగా పొట్లాల మీద పేర్లు రాసుకుంటున్నాడు.

"గింజలు మాడిపోతుంటే ముక్కు పనిచేయట్లేదా?" అని అరిచాను.

"కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచీ పనిచేయట్లేదండీ. అందుకేగా అందర్నీ అడిగేది" అన్నాడు.

ఆ బొగ్గుల్ని పారబోయలేదు. పొట్లం కట్టి, రైతు పేరు కొట్టేసి, తన పేరు రాశాడు. మర్నాటి నుంచి కొట్టు తెరవలేదు. ఆయన పేరుతో అక్కడ కట్టిన పొట్లం అదొక్కటే.