పాము సినిమా చేసిన పెళ్లి

ఒక హేతువాది నొసటి మీదికి బాసికం ఎట్లా ఎక్కిందో చెప్పబోతున్నాను. నవ్వేవాళ్లు ఇప్పటినుంచే కొంచెం కొంచెంగా నవ్వుకోండి. చివర్లో ఒకేసారి నవ్వితే పొలమారుతుంది. ఇది నేను చిత్తుగా ఓడిపోయిన కథ. నన్ను ఓడించింది పండితుడూ కాదు, పీఠాధిపతీ కాదు. ఒక సినిమా పాము.

రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటు పెట్టిన కొత్తలో అందులో మీటర్ల రీడింగు రాసే ఉద్యోగం నాది. గంటగంటకూ ముల్లు ఎక్కడుందో చూడటం, కాగితం మీద రాయడం. కంటితో చూసిందే రాసేవాణ్ని గనుక కంటికి కనిపించనిది లోకంలోనే లేదని తేల్చేశాను. ప్లాంటు బూడిద పడని పంచె, నా ఉపన్యాసం పడని మనిషి మా కాలనీలో ఉండేవి కావు. రెండూ దులిపితే పోయేవి కావు.

నేను పుట్టింది చంద్రబండలో, జొన్నలు పండించుకునే ఇంట్లో. మామూలుగా మాట్లాడితే మా అమ్మ మాటే నా నోట వచ్చేది. వాదం మొదలైతే మాత్రం నోట్లో అచ్చుయంత్రం తిరిగేది. "ఆధారం చూపండి", "మీ మాటలోనే వైరుధ్యం ఉంది" అంటూ అక్షరాలు కుప్పలు పోసేది. ఆడవాళ్ల స్వేచ్ఛ మీద అప్పటికే పదహారు వ్యాసాలు రాశాను. ఎదుటి మనిషి మాట చివరిదాకా వినడం మీద ఒక్కటీ రాయలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, పని పడుతుంది.

సునంద చిక్కసూగూరు బడిలో టీచరు. యరగేరలో మూఢనమ్మకాల మీద నేను రెండు గంటలు మాట్లాడిన సభలో ఆఖరిదాకా కూర్చున్నది ఆమె ఒక్కతే. నా వాదానికి ముగ్ధురాలైందనుకున్నాను. బస్సు రాలేదని కూర్చుందట, పెళ్లయ్యాక చెప్పింది. ఏదైతేనేం, ఒకరికొకరం నచ్చాం. రెండిళ్లవాళ్లూ ఒప్పుకున్నారు. తగవల్లా పెళ్లి ఏ తీరుగా జరగాలన్న దాని మీదే.

ఆమె తండ్రి శేషప్ప రాయచూరు స్టేషన్లో పార్సెల్ ఆఫీసులో పని చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలినా ఆయన స్టేషన్ను వదల్లేదు. రోజూ సాయంత్రం పోయి పాత దోస్తుల దగ్గర కూర్చుని వచ్చేవాడు. పంచాంగం చూడందే క్షవరం కూడా చేయించుకోడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో మాట మొదలైంది.

"పిల్లనిచ్చుడుల నాకేం ఎతరాజ్ లేదు సారూ," అన్నాడాయన. "గానీ ముహూర్తం, పంతులు, అగ్గి, ఇవి ఉండాలె."

"ఉండవు. వేదిక, మైకు, పూలదండలు. అంతే."

"మైకు సుట్టు ఏడడుగులు తిరుగుతరా ఏంది?"

"అడుగులుండవు. ప్రసంగాలుంటాయి. ఏడుగురు వక్తలు."

"ఏడడుగుల బదులు ఏడుగురు మనుషులా! అడుగులే నయం గదనయ్యా, జల్ది అయితయి."

సునంద చాయ్ తెచ్చి పెట్టి, "నాదొక మాట..." అంది.

"ఆగు సునందా, ముందు సూత్రం తేలనీ," అన్నాను నేను.

"నువ్వాగు బిడ్డా, మొగోళ్లం మాట్లాడుతున్నం," అన్నాడాయన.

మా ఇద్దరికీ మొదటిసారి ఏకాభిప్రాయం కుదిరింది.

సరిగ్గా అప్పుడే టీవీ నోరు విప్పింది. బొంబాయిలో ఏడాదికొకసారి జరిగే పెద్ద సినిమా అవార్డుల పండగను వచ్చే ఆదివారం మధ్యాహ్నం చూపిస్తామని చెప్పింది. ఒక్కో అవార్డుకు ఐదు పేర్లు పోటీలో ఉంటాయి. వేదిక మీద కవరు చించి గెలిచిన పేరు చదువుతారు. దేశమంతా నోరు తెరుచుకుని చూస్తుంది. శేషప్ప టీవీ వంక చూశాడు, పంచాంగం వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"పంచాంగం ఝూట్ అంటవ్ గద. అయితే పందెం కాయి. పెద్దవి ఐదు అవార్డులు తీస్కుందాం. ఎవరికొస్తయో నేను పంచాంగం ముందు పెట్టుకొని రాస్త. నువ్వు నీ బుద్ధి ముందు పెట్టుకొని రాయి. ఎవరివి ఎక్కువ కుదిరితే పెండ్లి వాళ్ల తీరు."

వేటగాడి సంచిలోకి జింక తనంతట తానే దూకినట్టనిపించింది. ఆ సంచి ఎవరిదో చూసుకోలేదు.

"ఒప్పుకున్నాను. కానీ మోసానికి తావుండకూడదు. మంగళవారమే జాబితాలు కవర్లలో పెట్టి ముద్ర వేయాలి. సాక్షులుండాలి. ఆదివారం దాకా ఎవరూ ముట్టకూడదు."

"ముద్రకు లక్క నేను తెస్త. నలపై ఏండ్లు గదే పని జేసిన," అన్నాడాయన వినయంగా. ఆ వినయం చూసైనా నేను జాగ్రత్త పడాల్సింది.

చిక్కు ఒకటే. నేను సినిమాలు చూసేవాణ్ని కాను. అందుకని బాయిలర్ దగ్గర పనిచేసే ఖాజాను పట్టుకున్నాను. కొత్త బొమ్మ పడితే మొదటి ఆటకే ఉండే మనిషి.

"ఖాజా, అవార్డుల పోటీలో ఉన్న పేర్లు కావాలి."

"అరే భాయ్, సినిమా అంటే బొగ్గు మింగినట్ల మొకం పెడ్తవ్, నీకేమైంది గిప్పుడు? సునో, ఆ ఫంక్షన్ అయితే..."

"అభిప్రాయాలు వద్దు. పేర్లు చెప్పు, కథలు చెప్పు. విశ్లేషణ నేను చేసుకుంటాను."

"విశ్లేషణ ఎందుకు భాయ్, పేపర్ల..."

"పేపర్లో సినిమా పేజీ నేను చదవను. రొట్టె చుట్టుకోవడానికి వాడతాను."

ఖాజా నా వంక చూశాడు. నా చేతిలోని రొట్టె మూట వంక ఇంకా ఎక్కువసేపు చూశాడు. "సరే, నీ మర్జీ," అని పేర్లు చెప్పాడు.

పోటీలో ఐదు సినిమాలు. ఊరి బావి నీళ్లు అందరికీ అందాలని పోరాడే మాస్టరు సినిమా. భర్త పోయిన ఆమె మళ్లీ పెళ్లి చేసుకునే సినిమా. తప్పిపోయిన కవలల సినిమా. ఒక పోలీసు సినిమా. ఐదోది, పాము ఆడమనిషై వచ్చి పగ తీర్చుకునే సినిమా. ప్లాంటు రీడింగు కాగితం వెనక గీతలు గీసి లెక్క కట్టాను. సమాజం ముందుకు పోతోంది గనుక ఉత్తమ చిత్రం బావిదే. ఉత్తమ నటుడు ఆ మాస్టరే. ఉత్తమ నటి మళ్లీ పెళ్లాడిన ఆమె. సంగీతం ఆమె పాడిన జోలపాటది. విలన్ అవార్డు బావికి తాళం వేసిన దొంగ స్వామికి. పాము సినిమా పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 'అశాస్త్రీయం' అని రాశాను.

మంగళవారం సాయంత్రం ముద్ర కార్యక్రమం. లక్క కరిగించి, కవర్ల మీద బొట్టుబొట్టుగా పోసి, పాత ఇత్తడి ముద్ర అద్దాడు శేషప్ప. కవర్లు దేవుడి గూట్లో పెట్టబోతే నేను అభ్యంతరం చెప్పాను. తర్జనభర్జన జరిగి టీవీ మీదికి చేరాయి.

"నేనొక మాట చెప్పనా?" అంది సునంద గడప దగ్గర నిలబడి.

"ఇప్పుడు కాదు, లక్క ఆరిపోతుంది."

"సరే. తర్వాత చెప్పలేదనకుర్రి," అంటూ లోపలికి పోయింది.

ఆదివారం వచ్చింది. శేషప్ప ఇల్లు వీధి మనుషులతో నిండిపోయింది. ఒకాయన మిద్దె మీద యాంటెనా తిప్పుతుంటే కింద నుంచి "ఆ! ఉండు! పోయె! మల్ల తిప్పు!" అని కేకలు. సాక్షులుగా మా హేతువాద సంఘం మిత్రులిద్దరిని తెచ్చాను. మరమరాల మండక్కి, మిర్చి బజ్జీలు పంచారు. ముద్రలు పగలగొట్టి రెండు జాబితాలూ చదివారు. శేషప్ప జాబితాలో ఐదుకు ఐదూ పాము సినిమావే. నేను జాలిగా నవ్వాను. మిగిలిన జీవితంలో అలాంటి నవ్వు నేను మళ్లీ నవ్వలేదు.

మొదట విలన్. ఐదు గడుల్లో ఐదు ముఖాలు కనిపించాయి. కవరు చించారు. పాములు పట్టేవాడి వేషం వేసినాయన లేచి నిలబడ్డాడు.

"ఒకటి," అన్నాడు శేషప్ప, ఆకుకు సున్నం రాస్తూ.

"కాకతాళీయం," అన్నాను.

సంగీతం. నాగస్వరం మోగింది.

"రెండు."

"రెండు కాకతాళీయాలు కూడా సంభవమే," అన్నాను.

ఉత్తమ నటుడు, పాము మొగుడు. ఉత్తమ నటి, సాక్షాత్తూ పామే. మెరిసే చీర కట్టుకుని, ట్రోఫీ గుండెకు హత్తుకుని, కళ్లు తుడుచుకుంది. మళ్లీ పెళ్లి చేసుకున్న నా నటి కింద కూర్చుని నవ్వుతూ చప్పట్లు కొట్టింది. నటి గనుక ఆమెకు చేతనైంది. నాకు ఆ నటన రాలేదు. మిర్చి బజ్జీ చేతిలోనే చల్లారిపోయింది. ఇక ఉత్తమ చిత్రం సంగతి చెప్పాలా? బావి ఎండిపోయింది.

"ఏం సారూ, పోయి పోయి నాగదేవతతోని పెట్టుకుంటరా?" అంది పక్కింటి పెద్దామె.

మా సంఘం మిత్రుడు నా చెవిలో, "ఐదుకు ఐదు! లెక్క ప్రకారం ఇది జరిగే పని కాదన్నా," అన్నాడు. ఇంకో మిత్రుడు శేషప్పకు తన చేయి చాపాడు, రేఖలు చూడమని.

అసలు తప్పు పందెం కాయడం కాదు. ఇది వినండి. ఆ సాయంత్రం బస్సులో కాలనీకి పోతూ, 'పంచాంగంలో ఏదన్నా ఉందేమో' అనుకున్నాను. నేనే! ఊరందరినీ "నీకెట్లా తెలుసు?" అని నిలదీసిన నోరు, ఆ పెద్దమనిషిని ఆ ఒక్క మాట అడగడం మరిచిపోయింది. దొంగ వస్తాడని ముందు తలుపుకు మూడు తాళాలు వేసుకున్నాను. వెనక గోడే లేదు.

మాట ఇచ్చాను గనుక నిలబెట్టుకున్నాను. నొసట బాసికం, నెత్తిన జీలకర్ర బెల్లం, కళ్ల నిండా పొగ. మా సంఘం వాళ్లు సంతాపసభకు వచ్చినట్టు వెనక వరసలో కూర్చున్నారు. పట్టపగలు పంతులు ఆకాశం వైపు చూపించి, "అదుగో అరుంధతి, కనిపించిందా?" అన్నాడు. నేను ఆధారం అడగబోయాను. సునంద చేతి మీద గిల్లింది. "కనిపించింది," అన్నాను. ప్లాంటులో ఏనాడూ తప్పుడు రీడింగు రాయనివాణ్ని, ఆ రోజు లేని నక్షత్రాన్ని చూశానని నలుగురిలో సాక్ష్యం చెప్పాను.

పెళ్లయిన మూడో రోజు కాలనీ ఇంట్లో సునంద నా డ్యూటీ సంచి దులుపుతోంది. అందులోంచి రొట్టెలు చుట్టిన పాత పేపరు జారిపడింది. తీసి చూద్దును గదా, సినిమా పేజీ. మెరిసే చీర కట్టుకున్న పామమ్మ ట్రోఫీతో నిలబడి ఉంది. ఆమె నొసట సరిగ్గా బొట్టు పెట్టినట్టు మా శనగకాయ చట్నీ మరక. చుట్టూ మిగిలిన నలుగురు విజేతలు. పైన తేదీ చూశాను. మేం టీవీలో చూసినదానికి రెండు వారాల ముందుది.

బొంబాయిలో పండగ ఎప్పుడో అయిపోయింది. టీవీవాళ్లు దాన్ని కత్తిరించి, కుట్టి, తీరిగ్గా చూపించారు. ఆ ఫలితాలు చుట్టిన రొట్టెలు నేను చేత్తో పట్టుకుని డ్యూటీకి పోయాను. ఆ పేపరు మీదే చెయ్యి తుడుచుకున్నాను. చదవలేదు.

"మోసం!" అని అరిచాను. "మీ నాయన ముందే పేపరు చూశాడు!"

"మా నాయన పేపరు సూల్లేదు," అంది సునంద నిదానంగా. "పందెమైన మర్నాడు స్టేషన్ల పాత బొంబాయి పేపర్ల కట్ట ఉంటే తెచ్చిండు. అది ఇంగ్లీషుది. ఆయనకు ఇంగ్లీషు రాదు. సదివి చెప్పింది నేను."

నేను చట్నీ మరక మీంచి చూపు ఆమె మీదికి తిప్పాను.

"నువ్వా? నువ్వు నా సభకు వచ్చిన మనిషివి! ఆ మంత్రాల మీద నీకు నమ్మకముందా?"

"రవ్వంత గుడ లేదు."

"మరి?"

"పెండ్లి ఎట్ల జరగాల్నో మీరు రాసిన కాయిదం సూసిన. ఏడుగురు మాట్లాడుతరు, ఆఖరుకు మీరు గంటన్నర. మొత్తం నాలుగు గంటలు. నాయన ముహూర్తం ముప్పావు గంట. ఇద్దర్ల ఎవరు గెలిచినా బొమ్మ లెక్క కూసోవాల్సింది నేనే. అందుకే జల్ది అయ్యేదాన్ని గెలిపించిన."

"నీకు అసలు ఏ తీరు పెళ్లి కావాలో ముందే చెప్పొచ్చు గదా!"

"రెండు సార్లు వచ్చిన చెప్దామని. ఒకసారి సూత్రం తేలాలన్నరు. ఇంకోసారి లక్క ఆరిపోతదన్నరు."

పదహారు వ్యాసాలు కళ్ల ముందు ఒక్కొక్కటిగా తిరిగాయి. నెమ్మదిగా అడిగాను. "ఇప్పుడు చెప్పు. ఏ తీరు కావాలనుకున్నావు?"

"రిజిస్ట్రార్ దఫ్తర్ల ఇద్దరం సంతకాలు పెట్టి, స్టేషన్ కాడ మిర్చి బజ్జీ తిని, నడుసుకుంట ఇంటికి పోదామనుకున్న. పంతులొద్దు, మైకొద్దు."

మా ముగ్గురిలో హేతువాది ఎవరో అప్పుడు తెలిసింది.

కాబట్టి పాఠకులారా, అగ్నిసాక్షిగా, క్షమించండి, ఒకసారి అలవాటైతే నోరు ఊరుకోదు, థర్మల్ ప్లాంటు చిమ్నీ సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ముద్ర వేసిన కవరు చూస్తే, అందులోని సంగతి ఎప్పుడు జరిగిందో ముందు అడుగుతాను. సినిమా పేజీ చదివాకే రొట్టె చుట్టుకుంటాను. రొట్టె చల్లారినా సరే. అంతేకాదు, పక్కనున్న మనిషి "నాదొక మాట" అంటే, సూత్రం తేలకపోయినా, లక్క ఆరిపోయినా, ప్లాంటులో ముల్లు ఎర్రగీత దాటినా, నోరు మూసుకుని ఆ మాట పూర్తిగా...

ఇక్కడిదాకా రాసింది సునందకు చదివి వినిపించాను.

"నాదొక మాట," అంది.

"చెప్పు," అన్నాను.

"జర కురచ చెయ్యుర్రి."

చేశాను.