ఇంటిమనిషి కప్పు

"ఒతిలియా మా ఇంటిమనిషి." గ్రసియేలా అమ్మగారి నోట రోజుకు పదిసార్లు వచ్చే మాట ఇది. ఆ ఇంటిమనిషికి ఆ ఇంట్లో కప్పు వేరు, పళ్ళెం వేరు, చెంచా వేరు. నీలం రంగు పూసిన ఇనుప కప్పు, అంచు దగ్గర పెచ్చు లేచిపోయింది. అది మిగతా గిన్నెలతో కలవకూడదు. సింకు కింద సబ్బుల పక్కన బోర్లా పడి ఉండాలి. మెక్సికో నగరంలో, డబ్బున్నవాళ్ళుండే లోమాస్ పేట బంగళాల్లో ఇదేమీ వింత కాదు. యాభై దాటిన మనిషిని 'పిల్లా' అని పిలవడమూ వింత కాదు. పరికిణీ వయసులో ఒహాకా కొండల నుంచి వచ్చిన ఒతిలియా, తల నెరిసినా అక్కడ పిల్లే.

అమ్మగారు టీవీ సీరియళ్ళు రాస్తుంది. ఈసారి పనివాళ్ళ మీద రాసి, దానికీ 'ఇంటిమనిషి' అనే పేరు పెట్టింది. ఊరంతా కళ్ళు తుడుచుకుంటూ చూస్తోంది. ఉల్లిపాయలు తరుగుతూ ఒతిలియా చెప్పుకున్నవన్నీ అందులో ఉన్నాయి, ఆమె తల్లి చావుతో సహా. కాకపోతే సీరియల్లో తల్లి చావుబతుకుల్లో ఉందని కబురు రాగానే యజమానురాలు విందు ఆపేసి, తనే కారు నడిపి పనిమనిషిని పల్లెకు తీసుకెళ్తుంది. దారిలో ఇద్దరూ ఒకే కప్పులో కాఫీ పంచుకుంటారు.

జరిగింది వేరు. ఆ రోజు అమ్మగారి పుట్టినరోజు. "మోలే కూర నువ్వు కాక ఇంకెవరు చేస్తారే? విందు కానిచ్చి వెళ్ళు. మీ అమ్మ అందాకా ఆగుతుందిలే," అంది. ఆగలేదు. ఒతిలియా వెళ్ళేసరికి సమాధి మీద పూలు కూడా వాడిపోయాయి.

రొట్టెల కొట్టు దగ్గర పక్క బంగళాలో పనిచేసే చాయో ఎదురైంది.

"ఏమే, మీ అమ్మగారు నిన్ను కారెక్కించిందటగా! ముందు సీట్లోనా, డిక్కీలోనా?"

"నోర్ముయ్యవే."

"నోట్లో చక్కెర, కడుపులో కత్తెర మీ ఆవిడకి. ఆదివారం పత్రికావిడ వస్తే ఏం చెప్తావ్?"

అదే ఒతిలియా గుండెల మీద కుంపటి. ఆదివారం చివరి భాగం చూడటానికి అతిథులు, సీరియల్ గురించి రాయడానికి ఒక పత్రికావిడ వస్తున్నారు. "అంతా నిజమే అని ఒక్క మాట చెప్పు పిల్లా. చెప్పకపోతే నీ మూట నువ్వు సర్దుకో," అంది అమ్మగారు. ఈ వయసులో పని పోతే ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు. చెప్తే తల్లి చావు అబద్ధమైపోతుంది. ఆ ముసలిది వాకిలి వైపు చూస్తూ చూస్తూ పోయింది. ఆ చూపును కూడా అమ్ముకుంది ఈ మహాతల్లి! ఒతిలియాకు ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం చివరి భాగానికి ముందు టీవీలో కారు దృశ్యం మళ్ళీ వేశారు. అతిథులు ముక్కులు చీదుకున్నారు. ఒతిలియా దాల్చిన చెక్క వేసిన కాఫీ తెచ్చి, అందరికీ పింగాణీ కప్పులిచ్చింది. అమ్మగారి ముందు మాత్రం నీలం కప్పు పెట్టింది.

మాటల్లో ఉన్న అమ్మగారు చూడకుండానే ఎత్తింది. పెదవికి పెచ్చు తగిలింది.

"ఛీ! ఇది నీ కప్పు కదే!"

కాఫీ బల్ల మీద ఒలికింది.

"ఈమెకు వేరే కప్పుందా?" అని పత్రికావిడ అడిగింది.

"అదీ... దానికి ఆ కప్పంటే ఇష్టం. చెప్పవే పిల్లా, మనం ఎలా ఉంటామో చెప్పు," అని అమ్మగారు నవ్వబోయింది.

"నా పేరు ఒతిలియా అమ్మగారూ. మీరు నన్ను కారెక్కించలేదు. నాతో కప్పూ పంచుకోలేదు. అక్కడ మా అమ్మ పోతుంటే ఇక్కడ నేను మీ మోలే కలుపుతున్నా. అడుగంటుతుందని పొయ్యి దగ్గర్నుంచి కదలనివ్వలేదు మీరు. అది రాయండి."

ఏప్రాన్ విప్పి కుర్చీ మీద వేసింది. నీలం కప్పు కడిగి, తుడిచి సంచిలో పెట్టుకుంది. అన్నేళ్ళ చాకిరీ తర్వాత ఆ ఇంట్లో ఆమెదంటూ ఉన్నది అదొక్కటే.

వెనక నుంచి "పిల్లా! ఏయ్ పిల్లా!" అని అరుపులు. ఎవరి పిల్లనో పిలుస్తున్నారనుకుని ఒతిలియా గేటు దాటింది.