పిడికెడు పాత దూది

మా జువాలజీ మేడం పోయారు. ఫోనులో ఆ కబురు విన్నప్పుడు నేను ప్రొద్దుటూరు బస్టాండులో మిరపకాయ బజ్జీ కొరుకుతున్నాను. అది నోట్లోనే కాసేపు మౌనం పాటించింది.

రిటైరయ్యాక మేడం ఇంట్లో అద్దాల తొట్టి పెట్టి నాలుగు తెల్లెలుకలను పెంచారు. నాకు ఎలుకలంటే చచ్చేంత భయం. జువాలజీ పట్టా ఉన్నవాడికి ఇదొక అదనపు అర్హత. అయినా వాటిని చూసుకోడానికి నన్నే పిలిచేవారు. "భయపడేటోడే బాగా చూస్తాడ్రా" అనేవారు.

కొత్తగా కలిపినప్పుడు అవి తరుముకుని నడుముల మీద కొరుక్కున్నాయి. రక్తం చూసి నేను వాకిలి వైపు జరిగాను.

"యాడికిరా పోతాండావ్? ఓడినోడు ఒక్కసారి ఒప్పుకుంటే సాలు. మళ్లా కొట్లాడే పనుండదు."

అలాగే జరిగింది. తోక మీద మార్కర్ చుక్క ఉన్నది పెద్దాయన అయింది. అన్నిటికన్నా బక్కది చిన్నోడు. తొట్టిలోని గాజు గొట్టంలో ఇద్దరూ ఎదురుపడితే చిన్నోడు గొడవ లేకుండా వెనక్కి నడిచేవాడు. నేను మొదటినుంచీ చిన్నోడి పార్టీ.

తొట్టి కడిగిన ప్రతిసారీ మేడం పిడికెడు పాత దూది తిరిగి లోపల పెట్టేవారు. పెద్దాయన వాసన పట్టిన పసుపుపచ్చ దూది. నేను ముక్కు మూసుకుంటే, "గబ్బు కాదురా, అది వాళ్ల ఊరు. ఊరు తీసేస్తే ఎవరికెవరో మర్చిపోతారు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. మా ఊరు గండికోట రిజర్వాయర్ నీళ్లలో మునిగింది. తరాలుగా ఒకరికొకరు దారి ఇచ్చుకున్నవాళ్లు, కొండాపురం దగ్గరి కొత్త కాలనీలో బర్రెను కట్టే చోటు కోసం ఒకరి మీదొకరు కట్టెలెత్తడం చూశాను.

మేడం దినం నాడు వాళ్లింటికి వెళ్లేసరికి జమ్మలమడుగు నుంచి వచ్చిన మేడం అక్క ఇల్లంతా కడిగేశారు.

"ఎలకల తొట్టి గూడా కడిగినా నాయనా, ఫినాయిలేసి. శానా గబ్బు కొడ్తాండె."

తొట్టిలో మల్లెపూవులాంటి కొత్త దూది. కీచుమని అరుపు. నాలుగూ ఒకదానికొకటి పరాయివైపోయాయి. చిన్నోడు మూలకు నక్కి ఉన్నాడు, వీపంతా రక్తం. పెద్దాయన మళ్లీ మీదికి లేస్తున్నాడు.

"పెద్దమ్మా, పాత దూది యాడేసినావ్?"

"పెరట్లో కుప్పలో. దూదికి గూడా దినం చేస్తావా ఏంది?"

పరుగెత్తి వెతికి తెచ్చాను. మూత తీశాను. చెయ్యి లోపలికి పోనంటోంది. పెట్టకపోతే చిన్నోడు పోతాడు. పెడితే నేనే పోయేటట్టున్నాను. కళ్లు మూసుకుని పెట్టాను. మణికట్టు మీదుగా వెచ్చగా ఏదో పరుగెత్తింది. అరిచింది మాత్రం ఎలుక కాదు.

కళ్లు తెరిచేసరికి పెద్దాయన దూదిని వాసన చూస్తున్నాడు. చిన్నోడు గొట్టంలోకి దూరాడు. పెద్దాయన గొట్టం వైపు తిరగగానే, చిన్నోడు మెల్లగా వెనక్కి నడిచాడు.

ఇప్పుడా తొట్టి నా గదిలో ఉంది. కొట్లాట తగ్గింది. పూర్తిగా ఆగిందో లేదోనని చెవి పెట్టి వింటూనే ఉంటాను. నేను వాకిలి దగ్గర కూర్చుంటాను, చూడటానికి అదే సరైన చోటు. అవి నాలుగూ ఆ దూది కింద ఒకదాని మీదొకటి పడి నిద్రపోతాయి. చుక్క ఉన్న తోక ఒకటి బయటికి వేలాడుతుంది. దూది పైకి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది.