గోనెతాడు ముడి

రామచంద్రపురం దగ్గర ఒక రైస్ మిల్లులో నేను లారీల సూపర్‌వైజర్‌ని. మా ట్రైలర్ డ్రైవర్ సత్తిబాబు గారిది ముప్పై ఏళ్ల అనుభవం. లారీకీ ట్రైలర్‌కీ మధ్య బ్రేకుల గాలి పైపులు రెండుంటాయి. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. ట్రైలర్ కట్టిన ప్రతిసారీ డ్రైవరే వాటిని తగిలించుకోవాలి. పాతబడి గాలి కారుతున్నాయని ఆమధ్య నేనే వాటిని మార్పించాను.

మర్నాడు ఉదయం బియ్యం లోడుతో బయల్దేరబోతే ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయి కదలలేదు. వెళ్లి చూస్తే ఎర్ర పైపు పసుపుదాని చోట, పసుపుది ఎర్రదాని చోట తగిలించి ఉన్నాయి.

"ఏంటండీ సత్తిబాబు గారూ, కొత్త పెళ్లికొడుకులా ఈ పరధ్యానం?" అన్నాను. హమాలీలు పగలబడి నవ్వారు.

ఆయన నవ్వలేదు. నన్ను పక్కకి తీసుకెళ్లారు.

"పాత ఎర్ర పైపుకి గోనెతాడు ముడేసుకున్నానండి. చేత్తో తడిమి తగిలించేవాణ్ణి. ఏడాదిగా రంగులు తెలియట్లేదండి."

ఆ ముడిని నేను చాలాసార్లు చూశాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"డాక్టరుకి చూపించారా?"

"చూపించానండి. పోయిన చూపు ఇక రాదన్నారు. బండి తప్ప నాకింకేం తెలీదు కదండీ, అందుకే దాచాను. దారిలో ఎవరి ప్రాణమైనా పోయుంటే..."

మాట పూర్తి చేయకుండానే తాళాలు నా చేతిలో పెట్టారు.

ఇప్పుడాయన మా గేటు దగ్గర వాచ్‌మన్. ఆ ట్రైలర్ మలుపు తిరగకముందే ఇంజిన్ చప్పుడు పోల్చుకుని, లేచి గేటు తీసి నిలబడతారు. ఆ రోజు నేనన్న మాటకి క్షమాపణ అడగాలని రోజూ అనుకుంటాను. ఇంకా అడగలేదు.