ఫాదర్ ఇన్నయ్య గారి థియేటర్, నా సాంబ్రాణి

థియేటర్‌ను ప్రారంభించిన రోజే ఖాళీ చేయించిన ఘనుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. కూర్చోండి, ఆ ఘనత నాదే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే దారిలో ఒక క్యాథలిక్ హైస్కూల్లో నేను అప్పట్లో కొత్త తెలుగు మాస్టారిని. ఆ స్కూలు నాటకాలకు పెద్ద చరిత్రే ఉంది. మొదట్లో గ్రౌండులో బల్లలు కలిపితే వేదిక, హాస్టల్ దుప్పట్లు కడితే తెర. తర్వాత రేకుల షెడ్డు వచ్చింది. వాన పడితే అందులో మాటలు వినపడవు కనుక మహారాజులు సైగలతోనే యుద్ధం ప్రకటించేవారు. చివరికి ప్రిన్సిపాల్ ఫాదర్ ఇన్నయ్య గారు కనపడిన వాళ్లందరినీ బతిమాలి ఏసీ థియేటర్ కట్టించారు. రంగులు ఆరేలోపే ఆయనకు బదిలీ వచ్చింది. అందులో ఒక్క నాటకమైనా చూసి వెళ్లాలని ఆయన కోరిక. ఆ నాటకాన్ని, పిల్లల కర్మ కాలి, నాకు అప్పగించారు.

మాది తెనాలి వైపు. తాతయ్య పద్య నాటకాల మనిషి. వేదికకు హారతివ్వకుండా తెర ఎత్తితే నటులు పద్యాలు మరిచిపోతారని ఆయన నమ్మకం. నాకు నమ్మకం లేదు గానీ భయం ఉంది. తెర వెనక ఎవరూ చూడకుండా కర్పూరం వెలిగించి, నిప్పుల మీద సాంబ్రాణి వేశాను. చాలదేమోనని ఇంకాస్త గుప్పించాను. మున్సిపాలిటీ దోమల బండి సిగ్గుపడేంత పొగ లేచింది.

పైకప్పులో పొగను పసిగట్టే యంత్రం ఉంటుందని తాతయ్య నాకు చెప్పలేదు.

సైరన్ మోగింది, లైట్లు ఆరిపోయాయి. ప్రారంభోత్సవానికి వచ్చిన బిషప్ గారితో సహా అందరూ గ్రౌండులోకి పరుగెత్తారు. వాటిని సరిచేయాల్సిన మెకానిక్ నాగోల్‌లో బయల్దేరి ఎల్బీ నగర్ చౌరస్తాలో ఇరుక్కుపోయాడు. మేకప్ వేసుకున్న పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

ఫాదర్ వాళ్ల వంక చూసి, "బల్లలు తీస్కరాండ్రి," అన్నారు.

నాటకం ఆ బల్లల మీదే జరిగింది. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. అది చూసి నాకు మరింత సిగ్గేసింది. అందరూ వెళ్లాక దగ్గరకు పోయాను.

"ఫాదర్, ఆ పొగ నాదేనండీ. తెర వెనక సాంబ్రాణి వేశాను. మీ కోరిక పాడుచేశాను."

ఆయన అటూ ఇటూ చూశారు. "జర మెల్లగ, మాస్టారూ. గా పక్క నేను గూడ ధూపం ఏసిన. స్టేజీని దీవించకుంట తెర ఎట్ల తీస్తం?"

నేనూ గొంతు తగ్గించాను. "మరి బిషప్ గారు అడిగితే?"

"సగం నువ్వు ఒప్పుకో. తక్కిన సగం నేను చూస్కుంట."

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ తెర వెనకా సాంబ్రాణి వేయను, అవతలి పక్క ఫాదర్ ఎవరూ లేరని చూసుకుంటే తప్ప.