కడిగిన గోడ

మట్టెవాడలో ఖాళీగా పడున్న ఒక పాత ఇంటిని నిలబెట్టుకోవాలని మా వాడకట్టు ఆడవాళ్ళం సంఘం పెట్టుకున్నాం. మట్టి గోడలు, వాటి మీద డంగు సున్నం పూత, లోపల టేకు స్తంభాలు. కూల్చాలా, ఉంచాలా అన్నది బల్దియా ఇంజినీరు వచ్చి చూసి చెప్తాడని కబురొచ్చింది. ఇక మాకు కాలు నిలవలేదు.

సంఘంలో అందరికంటే పెద్దావిడను పెద్దమ్మా అనే పిలుస్తాం. ఆమె కాపురానికి వచ్చింది ఆ ఇంట్లోకే, ఒక అర్రలో కిరాయికి. పిల్లల్ని కన్నదీ అక్కడే. ఇంజినీరు వచ్చే ముందురోజు కొంగు నడుముకు చెక్కి, "సుట్టమొస్తాంటే ఇల్లు కడగకుంట ఎట్లనే? బతుకమ్మ పండుగకు మన ఇండ్లు కడుగుతలేమా?" అన్నది.

అందరికీ నిజమే అనిపించింది. పక్కింటి బోరు మోటరు వేయించి పైపు గుంజుకొచ్చాం. బూజు దులిపి, గోడలు పైనుంచి కిందిదాకా తడిపి చీపుర్లతో రుద్దాం. పూతకు అక్కడక్కడ పగుళ్ళున్నాయి. వాటిలో దుమ్ము ఉందని అక్కడ ఇంకా గట్టిగా నీళ్ళు కొట్టాం. ఏం తెలివో మాది. గడపకు పసుపు రాసి, ముగ్గేసి, మురిసిపోతూ ఇళ్ళకు పోయాం.

తెల్లారి చూస్తే వీధి వైపు గోడ నిండు నెలల కడుపులా ముందుకొచ్చింది. లోపలి మట్టి నీళ్ళు తాగి మెత్తబడింది. ఇంజినీరు చెయ్యి పెట్టగానే సున్నం పెచ్చుతో పాటు పిడికెడు బురద ఊడొచ్చింది. నిన్నటిదాకా మంచిగనే ఉండె సారూ అని ఎంత మొత్తుకున్నా, "నేను చూసేది ఇయ్యాల్టి గోడనే గదమ్మా. కింద మనుషులు నడుస్తరు" అని కూల్చమని ఎర్ర రంగుతో గుర్తు వేయించాడు. ఆయన్ని తిట్టుకుందామన్నా తప్పు దొరకలేదు. నాకు ఇప్పటికీ అదే మంట.

జేసీబీ వచ్చిన రోజు సంఘమంతా ఎదురింటి అరుగు మీద కూర్చున్నాం. కూర్చోవడం తప్ప ఏం చేయగలం? మొదటి దెబ్బకే గోడ కూలింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేను కడుగుదామనకపోతే ఉండేదా బిడ్డా?"

నాది నోటి దురుసని వాడంతా ఎరుకే. ఉన్నమాట ఎవరికైనా ముఖం మీదే చెప్పేస్తాను. "నువ్వు కడిగినా కడగకున్నా కూలగొట్టేటోళ్ళే పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు గూడ అబద్ధమాడవట్టితివా" అని ఆమె నా చెయ్యి వదిలేసింది.